ఫ్రిజ్ మీద నేను రాసిన వాక్యం

మార్లీ తన దాల్చినచెక్క రొట్టెని నా ప్లేటులోకి నెట్టేసి, "సోడా డబ్బా గురించి రాసింది మీరేనా?" అని అడిగిన దగ్గర పోయిన వారం ఆగాం. మా కౌంటీ బళ్ళలో భోజనానికి చిల్లీ, అంటే చిక్కుళ్ళు, మాంసం వేసిన పులుసు, పెట్టిన రోజున పక్కనే ఆ తియ్యరొట్టె కూడా పెడతారు. దాన్ని వద్దన్న పిల్లని నా యాభై రెండేళ్ళలో నేను చూడలేదు. ఆ ప్రశ్నకి నేనిచ్చిన జవాబు కూడా మీకు గుర్తుండే ఉంటుంది. "అవి పెద్దవాళ్ళు మాట్లాడుకునే విషయాలమ్మా" అన్నాను. ఇంగ్లీషు సాహిత్యంలో డిగ్రీ చేసినదానికి ఆ సమయానికి దొరికిన వాక్యం అదీ.

ఈ వారమే పత్రిక చేతికి వచ్చినవాళ్ళ కోసం రెండు ముక్కలు. నేను జోలీన్ వాసెక్‌ని. మా ఆయన డ్వైట్ ధాన్యం గిడ్డంగిలో తూకం దగ్గర కూర్చుంటాడు. ఇంటి పని, చర్చి కరపత్రంలో తప్పులు దిద్దడం తప్ప నా చదువుకి వేరే పని ఉండేది కాదు. రెండేళ్ళ కిందట ముప్ఫై గంటల శిక్షణ తీసుకుని, జడ్జి ముందు చెయ్యెత్తి ప్రమాణం చేసి, పిల్లల తరఫు వాలంటీరునయ్యాను. జీతం లేదు. కన్నవాళ్ళ దగ్గర్నుంచి తీసి కోర్టు వేరే ఇళ్ళలో పెంపకానికి ఉంచిన పిల్లల్లో ఒకర్ని మాకు అప్పగిస్తారు. నెలనెలా ఆ పిల్లని చూడాలి, టీచరుతో, తల్లితో, పెంచుతున్నవాళ్ళతో మాట్లాడాలి, చూసింది చూసినట్టు జడ్జికి రిపోర్టు రాయాలి. ఆ గదిలో పెద్దవాళ్ళందరికీ లాయర్లుంటారు. పిల్లకి మేముంటాం. నాకు అప్పగించిన పిల్ల మార్లీ.

మార్లీ తల్లి టోనియా రస్క్. మాంసం ఫ్యాక్టరీలో భుజం దెబ్బతిని, నొప్పి మాత్రలకి అలవాటుపడి, ఒక మధ్యాహ్నం బడి వదిలాక పిల్లని తెచ్చుకోవడం మర్చిపోయి సోఫాలో పడి ఉంది. అది ఏడాదిన్నర కిందటి మాట. ఇప్పటికి పద్నాలుగు నెలలుగా మాత్ర ముట్టలేదు. మార్లీ ఉంటున్నది కోర్ట్నీ హోఫ్ ఇంట్లో. అద్దంలాంటి ఇల్లు. కోర్ట్నీకి మార్లీని దత్తత తీసుకోవాలని ఉంది. పిల్లని తల్లి దగ్గరికి పంపే దారిలోనే ఉంచాలా, దత్తత దారికి మళ్ళించాలా అన్నది ఈ గురువారం పదిన్నరకి జడ్జి తేల్చాల్సి ఉంది.

ఇక ఆ వాక్యం. ఫిబ్రవరిలో టోనియా ఇల్లు చూసొచ్చి రాసిన రిపోర్టు, మూడో పేజీ. "ఫ్రిజ్‌లో రెండు మస్టర్డ్ సీసాలు, వాసన పీల్చుకునేందుకు ఒక బేకింగ్ సోడా డబ్బా ఉన్నాయి. ఆ ఇంట్లో ఉద్యోగం చేస్తున్నట్టు కనిపించింది సోడా డబ్బా ఒక్కటే." రిపోర్టుల్లో విశేషణాలు వాడకూడదని మా కోఆర్డినేటరు గ్వెన్ నియమం. నేను ఒక్కటి కూడా వాడలేదు. గ్వెన్ నవ్వుకుని వదిలేసింది. ఆ కిందటి పేరాలోనే కోర్ట్నీ ఫ్రిజ్‌లోని మూతల డబ్బాల గురించి, వాటి మీద అంటించిన పేర్ల గురించి ఆరు వరుసలు రాశాను. మార్లీ వారానికో రాత్రి తల్లి దగ్గర పడుకోవడం మార్చిలో మొదలవ్వాల్సింది. ఇంట్లో సరిపడా తిండి ఉందని తేలేదాకా జడ్జి దాన్ని ఆపేసింది. రిపోర్టు కాపీ ఒకటి కోర్ట్నీ వంటింటి గట్టు మీద ఉంటే మార్లీ చదివింది.

నేను చేసిన ఇంకో తప్పు అప్పటికి మార్లీకీ నాకూ డ్వైట్‌కూ తప్ప ఎవరికీ తెలియదు. డిసెంబరులో, బడిలో క్రిస్మస్ కార్యక్రమం రోజున, మార్లీ మంచు కరిగిన గుంటలో కాలేసింది. మా ఇల్లు అక్కడికి రెండు వీధులు. పిల్లని వాలంటీరు తన ఇంటికి తీసుకెళ్ళకూడదు. శిక్షణలో ఆ మాట మూడుసార్లు చెప్పారు. నేను తీసుకెళ్ళాను. పన్నెండు నిమిషాలు. డ్వైట్ సాక్సులు తొడిగి తిరిగి తీసుకొచ్చాను.

గురువారం పదింపావు. కోర్టు రెండో అంతస్తు వరండాలో ఉన్న చెక్క బెంచి ఏదో చర్చి వాళ్ళు వదిలించుకున్నదనుకుంటాను. దాని మీద కూర్చుంటే ఏ తప్పూ చేయనివాళ్ళకి కూడా చేసినట్టే ఉంటుంది. నేను ఒక చివర కూర్చున్నాను. టోనియా వచ్చి ఎదురుగా నిలబడింది. వృద్ధాశ్రమం లాండ్రీ వాళ్ళ నీలం చొక్కా మీద కోటు వేసుకుంది.

"ఇక్కడెవరైనా ఉన్నారా?"

"లేరు లేరు, కూర్చోండి."

"గాలి బాగా ఉందివాళ."

"మధ్యాహ్నానికి ఇంకా పెరుగుతుందంటున్నాడు మా ఆయన."

మా వైపు మనుషులం ఇంతే. చేతికి కట్టుతో ఎదురొచ్చినవాణ్ణి కూడా వాన గురించే అడుగుతాం. కట్టు సంగతి అతనే చెబితే వింటాం, చెప్పకపోతే అసలు చెయ్యే చూడనట్టు ఉంటాం. దీన్ని మేం మర్యాద అంటాం. మా పిల్లలకి కూడా నేర్పుతాం.

టోనియా తన సంచిలోంచి పుదీనా బిళ్ళల డబ్బా తీసి నా వైపు చాపింది. ఒకటి తీసుకున్నాను. తర్వాత ఆమె మడిచిన కాగితం ఒకటి తీసింది. మూడో పేజీ. మడతల దగ్గర చిరుగులు పట్టింది.

"నాకు కంఠతా వచ్చేసింది. కాగితం అక్కర్లేదు నిజానికి," అంది. "మీరు బాగా రాస్తారు."

"టోనియా..."

"నిజంగానే అంటున్నాను. మా లాయరు నాకు చదివి వినిపిస్తూ మధ్యలో నవ్వాడు. తర్వాత సారీ చెప్పాడనుకోండి. మంచివాడే."

నోట్లో పుదీనా బిళ్ళ ఉంది. ఊసెయ్యడానికి లేదు, నమలడానికి లేదు.

"మొదటి పేజీలో మీరే రాశారు," అంది, "నేను తెల్లవారుజామున నాలుగింటి నుంచి లాండ్రీలో పని చేస్తానని. మూడో పేజీకి వచ్చేసరికి ఇంట్లో ఉద్యోగం చేసేది సోడా డబ్బా ఒక్కటే అయింది. మధ్యలో నన్నెవరు తీసేశారా అని చూశాను. రెండో పేజీలో ఏం లేదు."

అది నిజం. రెండో పేజీలో మార్లీ లెక్కల మార్కులున్నాయి. ఆ వాక్యం నాకు గిన్నెలు కడుగుతుంటే తట్టింది. సబ్బు చేతులతోనే వెళ్ళి రాసిపెట్టుకున్నాను. డ్వైట్‌కి చదివి వినిపించాను. అప్పుడు నేను మొదటి పేజీ గురించి గానీ, టోనియా గురించి గానీ ఆలోచించలేదు. ఆ వాక్యం ఎంత బాగా కుదిరిందో అనే ఆలోచించాను.

"ఆ రోజు మీరు నా ఫ్రిజ్ తలుపు తీశారు," అంది టోనియా. గొంతు పెంచలేదు. పక్కనుంచి వెళ్ళేవాళ్ళు మేం ఏదో వంట గురించి చెప్పుకుంటున్నామనుకుని ఉంటారు. "చూశారు. మూశారు. తర్వాత నా కర్టెన్లు బావున్నాయన్నారు. గుర్తుందా?"

"గుర్తుంది."

"ఎక్కడ కొన్నారని కూడా అడిగారు. కర్టెన్ల గురించి అడిగారు, ఫ్రిజ్ గురించి అడగలేదు."

"అడగడం బావుండదనుకున్నాను."

"కదా. నేనూ అదే అనుకున్నాను, పాపం, మర్యాదస్తురాలు, అర్థం చేసుకుంది అని. లైటు వెలగలేదు కదా."

"ఏ లైటు?"

టోనియా నా వైపు తిరిగింది. అప్పటిదాకా ఎదుటి గోడతోనే మాట్లాడుతోంది.

"ఫ్రిజ్‌లో లైటు, మిసెస్ వాసెక్. తలుపు తీస్తే వెలగాలి కదా. ఫ్రిజ్ ఆగిపోయి అప్పటికి నాలుగు రోజులు. ఇల్లు అద్దెకిచ్చినాయన మనిషిని పంపిస్తానన్నాడు. మీరొచ్చి వెళ్ళిన మూడో రోజుకి పంపించాడు. ఆపరేషన్ చేసి బతికించాడు దాన్ని."

"మరి తిండి..."

"వెనక మెట్ల మీద, ఐసు పెట్టెలో. ఫిబ్రవరి మంచులో మన ఊళ్ళో ఫ్రిజ్ ఎవరికి కావాలి? పాలు, గుడ్లు, మా తమ్ముడు వేటాడి తెచ్చిన జింక మాంసం, ఓ కుండెడు చిల్లీ. మార్లీ వస్తే తింటుందని యాపిల్ సాస్ ఆరు కప్పులు. మీరు నిలబడ్డచోటు నుంచి వెనక తలుపు మూడడుగులు. ఒక్కమాట అడిగుంటే తీసేదాన్ని."

ముప్ఫై ఏళ్ళుగా రోజుకి ఇరవైసార్లు ఫ్రిజ్ తలుపు తీస్తున్నదాన్ని. నా ఫ్రిజ్‌లో లైటు పోతే డ్వైట్ కోటు విప్పకముందే చెబుతాను. ఆ ఇంట్లో మాత్రం చీకటి కనబడలేదు నాకు. ఖాళీ కనబడింది, ఎందుకంటే ఖాళీ కనబడుతుందనుకునే వెళ్ళాను.

"మీరైనా చెప్పొచ్చు కదా," అన్నాను. ఆ మాట నోటి నుంచి దాటగానే దాని వెనకే పరిగెత్తాలనిపించింది.

"చెప్పొచ్చు. ఫ్రిజ్ పాడైందంటే, పాడైన ఫ్రిజ్ ఉన్న ఇల్లని రాస్తారు. తిండి బయట పెట్టానంటే, గుమ్మం బయట తిండి పెట్టుకునే ఆడదని రాస్తారు. ఏడాదిన్నరగా నా ఇంట్లోకి మనుషులు వచ్చి రాసుకుని పోతున్నారు. ఏది చెబితే ఎలా రాస్తారో నాకు తెలిసిపోయింది. ఏమీ చెప్పకపోతే ఏం రాస్తారో అది మీరొచ్చాక తెలిసింది."

ఎదుటి తలుపు తీసి గుమాస్తా ఎవరినో పిలిచి మళ్ళీ మూసేసింది.

"సోడా డబ్బా ఎందుకు పెట్టానంటే," అంది టోనియా, "ఆగిపోయిన ఫ్రిజ్ కంపు కొడుతుంది. అది నిజంగానే పని చేస్తోంది. అందులో మీరు అబద్ధం రాయలేదు."

ఆమె నవ్వింది. ఎగతాళిగా నవ్వి ఉంటే బావుండేది. మామూలుగా, పక్కింటావిడ నవ్వినట్టు నవ్వింది.

"మార్చి తొమ్మిదిన మార్లీ పుట్టినరోజు. ఆ రాత్రి నా దగ్గర పడుకోవాల్సింది. కుదరలేదు కాబట్టి కౌంటీ వాళ్ళ ఆఫీసు గదిలో గంట ఇచ్చారు. కేకు తీసుకెళ్ళాను. కొవ్వొత్తులు వెలిగించనివ్వలేదు, పొగకి అలారం మోగుతుందిట. వెలగని కొవ్వొత్తుల్నే ఊదింది. ఊది, 'ఆరిపోయాయి కదమ్మా' అంది. నన్ను నవ్వించడానికి."

"టోనియా, నేను..."

"సారీ చెప్పకండి. ఇక్కడ వద్దు. మీరు వాక్యం రాసింది ఇక్కడ కాదు కదా." గడియారం చూసింది. "నాకింకో మాట కూడా చెప్పాలి. మా పిల్లకి మీరంటే ఇష్టం. ఈ మధ్య నోటుపుస్తకంలో రిపోర్టులు రాస్తోంది, మీరు నేర్పారటగా. తేదీ, చోటు, ఎవరెవరున్నారు, ఏం చూశాను. కుక్క మీద రాసింది, బస్సు డ్రైవరు మీద రాసింది. చూసింది మాత్రమే రాయాలి, అనుకుంది రాయకూడదు అని నాకు పాఠం చెప్పింది."

నేర్పింది నేనే.

టోనియా లాయరు మెట్లెక్కి వచ్చి ఆమెని పక్కకి పిలిచాడు. అతని వెనకే మా గ్వెన్ ఫైళ్ళు కౌగిలించుకుని వచ్చింది. నా మొహం చూసి ఆగింది.

"ఏమైంది? పొద్దున్నే పులిసిన పాలు తాగావా?"

చెప్పాను. లైటు సంగతి, ఐసు పెట్టె సంగతి, మొదటి పేజీ సంగతి. గ్వెన్ టోనియా లేచిన చోట కూలబడింది.

"సరే," అంది. "ఒక పేజీ సవరణ రాసి సోమవారం ఇచ్చెయ్. జోకుల్లేకుండా."

"సోమవారానికి నిర్ణయం అయిపోతుంది."

"అయితే?"

"ఇప్పుడే నిలబడి చెబుతాను."

"నిలబడి చెబితే రిపోర్టు మొత్తం మీద అనుమానం వస్తుంది జోలీన్. కోర్ట్నీ గురించి రాసింది కూడా."

"రానీ."

గ్వెన్ తన ఎర్ర పెన్ను మూత తీసి, పెట్టి, తీసి, పెట్టింది. పదకొండేళ్ళుగా వాలంటీర్ల రిపోర్టులు దిద్దుతున్న మనిషి.

"ఆ వాక్యానికి నేనూ నవ్వాను," అంది. "మా అక్కకి ఫోన్ చేసి కూడా చెప్పాను, పేర్లు లేకుండా." తర్వాత ఫైళ్ళు సర్దుకుని లేచింది. "చెప్పు. నీ మాట జడ్జి వింటుంది. రెండేళ్ళలో ఒక్క నియమం కూడా తప్పని వాలంటీరువి నువ్వు ఒక్కదానివే."

నాకు డ్వైట్ సాక్సులు గుర్తొచ్చాయి. బూడిద రంగువి, మడమ దగ్గర ఎర్ర గీత.

కోర్టు గదిలో టోనియా, లాయరు ఎడమ వైపు బల్ల దగ్గర కూర్చున్నారు. కుడి వైపు బల్ల దగ్గర కౌంటీ లాయరు, ఆ పక్కన గ్వెన్, నేను. మా వెనక వరసలో కోర్ట్నీ హోఫ్, ఒడిలో రంగు చీటీలు అంటించిన ఫైలుతో. నన్ను చూసి చెయ్యి ఊపింది. నేనూ ఊపాను. మార్లీ బడిలో ఉంది. చిన్నపిల్లల్ని ఈ గదిలోకి తేరు, వాళ్ళ గురించి మాత్రం ఇక్కడే మాట్లాడతాం.

జడ్జి వెర్నా ఆర్ల్ట్ కళ్ళజోడు ముక్కు చివరికి జార్చుకుని కాగితాలు తిరగేసింది. ఎవరైనా ముందుగా చెప్పాల్సింది ఉందా అని అడిగింది. ఆ ప్రశ్న ప్రతిసారీ అడుగుతుంది, ఎవరూ ఏమీ చెప్పరు.

నేను లేచాను.

"యువర్ ఆనర్, ఫిబ్రవరి రిపోర్టులో నేను రాసిన ఒక వాక్యం వెనక్కి తీసుకోవాలి. మూడో పేజీ."

ఏ వాక్యమో ఎవరూ అడగలేదు. ఆ గదిలో అందరికీ గుర్తుంది. అంతకంటే పెద్ద శిక్ష ఏ జడ్జీ వెయ్యలేదు నాకు.

చెప్పాను. ఫ్రిజ్ పాడైందని, తిండి వెనక మెట్ల మీద ఉందని, మిసెస్ రస్క్ ఆ రోజు తెల్లవారకముందే పనికి వెళ్ళి వచ్చిందని, ఆ సంగతి నాకు తెలిసి కూడా అలా రాశానని. చెబుతున్నంతసేపూ నా గొంతు చర్చిలో ప్రకటనలు చదివేదాని గొంతులా ఉంది. మధ్యలో ఒకచోట కౌంటీ లాయరు బూట్ల వైపు చూసుకున్నాడు. ఫిబ్రవరిలో అతను కూడా నవ్వాడు కాబోలు.

"మీరు ఆమెని అడిగారా, ఫ్రిజ్ ఎందుకలా ఉందని?" అంది జడ్జి.

"లేదు."

"ఎందుకని?"

"అడగడం మర్యాద కాదనుకున్నాను, యువర్ ఆనర్. రాయడం మాత్రం మర్యాదే అనిపించింది."

మాటలు టైపు చేసే అమ్మాయి వేళ్ళు ఒక్క క్షణం ఆగి మళ్ళీ కదిలాయి. టోనియా బల్ల మీద చేతులు పెట్టుకుని కదలకుండా కూర్చుంది.

జడ్జి ఫైలు అడుగునుంచి నోటుపుస్తకంలోంచి చింపిన కాగితాలు రెండు తీసింది. పెన్సిలు రాత. దూరం నుంచి కూడా గుర్తుపట్టాను. ఆ పిల్ల అక్షరాలు గీతకి అంటకుండా, కొంచెం పైన తేలుతుంటాయి.

"ఇది నిన్న పోస్టులో వచ్చింది," అంది. "లాయర్లకి ఇవాళ పొద్దున్న కాపీలిచ్చాను. మీ మాట ఎంతవరకు తీసుకోవాలో తేల్చే ముందు మీరిది వినాలి, మిసెస్ వాసెక్. పైన 'రిపోర్టు' అని ఉంది. మీ పద్ధతిలోనే రాసింది."

చదివింది.

"తేదీ: డిసెంబరు పంతొమ్మిది. చోటు: మిస్ జోలీన్ వంటిల్లు. ఉన్నవాళ్ళు: నేను, మిస్ జోలీన్. ఆవిడ సాక్సులు తేవడానికి లోపలికి వెళ్ళారు. నేను అడక్కుండా ఫ్రిజ్ తీశాను. అది నా తప్పు. నేను చూసింది: పాలు, యాపిల్ పై, ఊరగాయలు చాలా. వెనక ఒక డబ్బాలో ఏదో ఉంది, దాని మీద బూజు ఉంది. దానికి ఏదో కారణం ఉండి ఉంటుంది. నేను ఆవిణ్ణి అడగలేదు. అడగలేదు కాబట్టి దాని గురించి ఇంకేమీ రాయడం లేదు."

నా పక్కన గ్వెన్ పెన్ను మూత మూసిన చప్పుడైంది.

"మీరా పిల్లని మీ ఇంటికి తీసుకెళ్ళారా?" అంది జడ్జి.

కాదంటే మార్లీ అబద్ధమాడినట్టు, తల్లి గురించి అది చెప్పే మాట ఇక ఎవరూ నమ్మరు. అవునంటే నేను నియమం తప్పిన వాలంటీరుని, నన్నీ కేసులోంచి తీసేస్తారు, ఇప్పుడు నేను వెనక్కి తీసుకున్న వాక్యం కూడా ఆ మనిషి చెప్పిన మాటే అవుతుంది. ఆ వంటింట్లో ఆ పిల్ల తొమ్మిదేళ్ళు కూడా నిండకుండా చేసిన పని, ఫిబ్రవరిలో నేను చెయ్యలేకపోయిన పని, ఆ రెండూ నా ఎదురుగా బల్ల మీద పక్కపక్కన ఉన్నాయి.

"తీసుకెళ్ళాను, యువర్ ఆనర్. పన్నెండు నిమిషాలు. బూజు పట్టింది నవంబరులో థాంక్స్‌గివింగ్ పండగ నాటి గుమ్మడికాయ కూర. కారణం ఏమీ లేదు, బద్ధకం."

టోనియా తలెత్తి నన్ను చూసింది. ఆ చూపులో ఏముందో రాయను. నేను అడగలేదు.

"రెండో పేజీ ఉంది," అంది జడ్జి. దాన్ని చదవడం మొదలుపెట్టలేదు. కళ్ళజోడు తీసి కాగితం మీద పెట్టింది. "ఇది చదివే ముందు ఒకరు ఈ గదిలోంచి బయటికి వెళ్ళాలని మార్లీ కోరింది. పేరు కూడా రాసింది. పిల్ల కోరిక న్యాయమైనదేననిపించింది నాకు."

నేను ఆగలేదు. పేరు పైకి చదివించుకునేంత ధైర్యం లేదు నాకు. కోటు తీసుకున్నాను, సంచి భుజాన వేసుకున్నాను, కుర్చీ వెనక్కి జరిపాను. ఇంటికెళ్ళి ముందు ఆ డబ్బా ఇంకా ఉందేమో చూసి పారెయ్యాలని కూడా అనుకున్నాను.

"మిసెస్ వాసెక్," అంది జడ్జి, "మీరు కూర్చోండి."

ఆవిడ చూస్తున్నది నన్ను కాదు. నా భుజం మీదుగా, మా వెనక వరసలో కూర్చున్న కోర్ట్నీ వైపు.